బెజవాడ బార్లు: మందొక్కటే, టేబుళ్ళే వేరు

బెజవాడలో మంచి బార్ ఏది అని ఎవరైనా అడిగితే నేను ఎదురు అడిగేది ఒకటే, ఎవరితో వెళ్తున్నావ్ అని. మందు సంగతి మాట్లాడాల్సిన పనే లేదు. ఈ రాష్ట్రంలో ఏ బార్ ఓనరైనా సరుకు తెచ్చుకోవాల్సింది బేవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచే, 1986లో కార్పొరేషన్ పెట్టిన దగ్గర్నుంచి హోల్‌సేల్ దాని చేతిలోనే ఉంది. ఆటోనగర్‌లో రేకుల కప్పు కింద పోసేదీ, బందరు రోడ్డు మీద లిఫ్టెక్కి పైకెళ్ళి తాగేదీ ఆ డిపో సరుకే. మరి తేడా ఎక్కడుందంటే పక్క టేబుల్ దగ్గర ఎవరు కూర్చున్నారు, వంటింట్లో ఎవరున్నారు, బేరర్ అక్కడ ఎన్నాళ్ళుగా చేస్తున్నాడు, ఈ మూడింట్లో ఉంది. పేట మారితే ఈ మూడూ మారిపోతాయి.

నా అర్హత ఏంటో కూడా చెప్పాలి కదా. నేను ఒక బీరు దాటను, అదీ ఎండాకాలంలో. మా బ్యాచ్‌లో కారు తోలే డ్యూటీ నాది, అందుకని అందరూ నన్ను తీసుకెళ్తారు, అందుకని ఊళ్ళో నేను చూడని బార్ తక్కువ. తాగనివాడికి కొన్ని సౌకర్యాలున్నాయి. స్టఫ్ వేడిగా ఉండగానే తింటాడు, పక్క టేబుల్ మాటలు వింటాడు, చివర్లో బిల్లు లైను లైను చదువుతాడు. బిల్లు చదవడం ముఖ్యం, ఒకసారి ఒక చోట మేం తినని రొయ్యల వేపుడు మా బిల్లులోకి ఎక్కింది, అడిగితే కంప్యూటర్ తప్పండి అన్నారు. బార్ల పేర్లు మాత్రం రాయను. లైసెన్సు చేతులు మారితే బోర్డు మారుతుంది, ఇవాళ పేరు రాస్తే రేపు మీరు వెళ్ళేసరికి అక్కడ మొబైల్ షాపు ఉండొచ్చు. పేటలైతే ఎక్కడికీ పోవు.

మొదట గవర్నర్‌పేట, గాంధీనగర్. అసలు సిసలు బెజవాడ సిట్టింగ్ ఇక్కడే. ఏలూరు రోడ్డు నుంచి బీసెంట్ రోడ్డు దాకా ఏ సందులోకి తిరిగినా ఒక లాడ్జి, లాడ్జి కింద టిఫిన్ హోటలు, మెట్లెక్కితే బార్. ఏలూరు రోడ్డుకి కార్ల్ మార్క్స్ రోడ్డని పేరుంది, ఆటో ఎక్కి ఆ పేరు చెప్పి చూడండి, డ్రైవర్ మిమ్మల్ని కిందా మీదా చూస్తాడు. ఆ రోడ్డు మీదే పుస్తకాల షాపులు, గాంధీనగర్‌లో సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు, చుట్టుపక్కల థియేటర్లు. ఒకప్పుడు శుక్రవారం ఫస్ట్ షో వదిలేసరికి సినిమా భవిష్యత్తు ఈ టేబుళ్ళ దగ్గర తేలిపోయేదని మా పెద్దమామయ్య చెప్పేవాడు. ఇప్పుడు టికెట్ల లెక్క ఎవరి ఫోన్‌లో వాళ్ళకి కనపడుతోంది కాబట్టి ఆ గొడవ లేదు గానీ, ఆ పాత మనుషులు కొందరు ఇంకా వస్తారు. ప్లీడర్లు వస్తారు, ప్రెస్సు వాళ్ళు వస్తారు, రిటైరైన లెక్చరర్లు వస్తారు. వీళ్ళెవరూ మెనూ అడగరు. బేరర్ ముఖం చూసి తల ఊపితే చాలు, రావాల్సింది వస్తుంది.

ఇక్కడ నేను పెట్టే పరీక్ష ఒకటుంది. కూర్చోగానే ఊరికే పెట్టే ప్లేటు చూడండి. మంచి చోట ఉడకబెట్టిన శనగల మీద సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి ముక్కలు, కొంచెం ఉప్పూ కారం చల్లి, నిమ్మచెక్క బేరరే మన ముందు పిండుతాడు. రెండో ప్లేటు అడిగితే మాట్లాడకుండా తెస్తాడు. బేరం దెబ్బతిన్న చోట మెత్తబడిన మరమరాల మిక్చర్ పెడతారు, రెండోసారి అడిగితే కీరా ముక్కలు నాలుగు. ఈ ప్లేటు చూసి లోపల వంట ఎలా ఉంటుందో చెప్పేయొచ్చు, నా లెక్క ఇప్పటిదాకా పెద్దగా తప్పలేదు. గవర్నర్‌పేటలో ఆర్డర్ ఇవ్వాల్సింది గుడ్డు పెప్పర్ ఫ్రై, జీడిపప్పు వేపుడు, కోడి వేపుడు. అపోలో ఫిష్ జోలికి పోకండి, అది చేపో పిండో తేల్చుకునేసరికి చల్లారిపోతుంది.

ఈ పేట బార్లలో ఇంకో వినోదం మద్యనిషేధం నాటి కథలు. 1995 జనవరిలో ఎన్టీఆర్ పూర్తి నిషేధం పెట్టారు, 1997లో చంద్రబాబు ఎత్తేశారు. ఆ మధ్య కాలంలో ఎవరెవరు ఏమేం తిప్పలు పడ్డారో చెప్పేవాళ్ళు ఈ టేబుళ్ళ దగ్గర ఇంకా ఉన్నారు. యానాం మన రాష్ట్రంలోది కాదు, పుదుచ్చేరి కింద ఉంది కాబట్టి అక్కడ నిషేధం లేదు. పెళ్ళిచూపులకని ఇంట్లో చెప్పి యానాం బస్సెక్కిన ఒక పెద్దాయన ఉన్నాడు, ఆయన చెప్పేది నిజమైతే ఆ రెండేళ్ళలో ఆయన తమ్ముడికి గోదావరి జిల్లాల్లో చూడని సంబంధం లేదు. పెళ్ళి మాత్రం గుడివాడ అమ్మాయితో అయిందట.

పక్కనే సూర్యారావుపేట, నక్కల రోడ్డు. ఊళ్ళో ఏ డాక్టర్ పేరు చెప్పినా బోర్డు ఇక్కడే ఉంటుంది. డాక్టర్లకి ఓపీ అయ్యేది రాత్రే, పేషెంట్లందరూ పోయాక గానీ మెడికల్ రెప్పులని లోపలికి పిలవరు. కాబట్టి ఈ చుట్టుపక్కల బార్లకి రెండో ఆట పదింటికి మొదలవుతుంది. నల్ల బ్యాగు కుర్చీ కిందకి తోసి, చొక్కా చేతులు మడిచి, మందు కంటే ముందు బిర్యానీ చెప్తారు, కిచెన్ కట్టేస్తారని భయం. ఒకే డాక్టర్ గది బయట గంటన్నర పక్కపక్కన నిలబడ్డ వేర్వేరు కంపెనీల వాళ్ళు ఇక్కడ ఒకే ప్లేట్లో చెయ్యి పెట్టి తింటారు. మేనేజర్ని తిట్టుకుంటారు, టార్గెట్‌ని తిట్టుకుంటారు, మధ్యలో ఇంటి నుంచి ఫోన్ వస్తే డాక్టర్ దగ్గరున్నా అని గుసగుసగా చెప్తారు. బిల్లు వచ్చాక ఎవడి వాటా వాడు పైసలతో సహా ఫోన్‌పే కొడతాడు. నాకు ఊళ్ళో ఎక్కువ ఇష్టమైన గుంపు వీళ్ళే, ఎందుకంటే గొడవ పడరు, పొద్దున్నే మళ్ళీ రౌండ్ ఉంటుంది.

వన్‌టౌన్ గురించి రాయడానికి పెద్దగా లేదు. కాళేశ్వరరావు మార్కెట్, వస్త్రలత, సామారంగం చౌక్, పగలంతా కాలు పెట్టే సందుండదు. కానీ వన్‌టౌన్ వ్యాపారి వన్‌టౌన్‌లో తాగడు. కస్టమర్ చూస్తాడు, అప్పు ఇచ్చినవాడు చూస్తాడు, గుమాస్తా చూస్తాడు. షట్టర్ దించి భవానీపురం మీదుగా గొల్లపూడి వైపు పోతాడు. హోల్‌సేల్ కాంప్లెక్స్ కూడా గొల్లపూడిలోనే ఉంది కాబట్టి కనపడినా పని మీద వచ్చామని చెప్పుకోవడానికి వీలు. మార్కెట్లో బస్తాలు మోసే ముఠావాళ్ళకి ఈ సంకోచాలేం లేవు, వైన్ షాపు దగ్గరే నిలబడి రెండు నిమిషాల్లో పని ముగిస్తారు. 2019లో తీసేసిన పర్మిట్ రూములు, అంటే షాపు పక్కనే తాగడానికి ఇచ్చే గదులు, 2025లో మళ్ళీ వచ్చాయి కాబట్టి వాళ్ళకి ఇప్పుడు కనీసం నీడ దొరికింది.

బందరు రోడ్డు కథ వేరు. ఇప్పుడు ఎంజీ రోడ్డంటున్నాం. లబ్బీపేట నుంచి బెంజి సర్కిల్ దాకా పెద్ద హోటళ్ళు, వాటి లోపల బార్లు. బార్లో రేటు ఎలాగూ ఎమ్మార్పీ మీద ఉంటుంది, ఇక్కడ దాని మీద ఇంకో అంతస్తు కడతారు. మెత్తటి కుర్చీ, లో గొంతులో పాట, చేత్తో పట్టుకుంటే బరువుగా ఉండే గ్లాసు, వాటన్నిటికీ అద్దె అనుకోవాలి. నాకు నచ్చవు గానీ వీటి అవసరం ఏంటో పోయినేడాది తెలిసింది.

మా పిన్ని కూతురు బెంగళూరులో ఉద్యోగం. సంక్రాంతికి వచ్చినప్పుడు, అన్నయ్యా ఎక్కడికైనా బయటికెళ్ళి కూర్చుందాం, ఇంట్లో బోర్ కొడుతోంది అంది. సరే అన్నాను గానీ ఎక్కడికి తీసుకెళ్ళాలో ఎంతకీ తోచలేదు. నాకు తెలిసిన బార్లన్నీ ఒక్కొక్కటే తలుచుకుంటూ పోతే ప్రతిదానికీ ఒక అడ్డం. మెట్ల దగ్గర నిలబడే మనుషులు, ఒకటే బాత్రూము, ఫ్యామిలీ సెక్షన్ అని బోర్డు పెట్టి లోపల బస్తాలు పడేసిన గది. చివరికి బందరు రోడ్డు మీద ఒక హోటల్‌కి వెళ్ళాం. బేరర్ చాలా మర్యాదస్తుడు, వంగి మరీ అడిగాడు, మేడమ్‌కి ఏం తీసుకురమ్మంటారు సార్ అని, నన్ను. అది పక్కనే కూర్చునుంది. మేడమ్‌నే అడగండి బాబూ అన్నాను. అది తనకి జిన్ను చెప్పుకుని, అన్నయ్యకి సోడా నిమ్మకాయ అంది. అతను రెండుసార్లు రాసుకుని రెండుసార్లు కొట్టేశాడు పాపం. తెచ్చాక కూడా జిన్ను గ్లాసు నా ముందే పెట్టాడు. మేం నవ్వుకున్నాం గానీ, పది లక్షలు దాటిన ఊళ్ళో ఒక ఆడపిల్ల కూర్చుని ఒక గ్లాసు తాగడానికి ఇంత ఖర్చుపెట్టి ఇంత దూరం పైకెక్కాలా అని మాత్రం అనిపించింది. దీన్ని మన సంస్కృతి అని మురిసిపోయేవాళ్ళతో నాకు పేచీ ఉంది. వాళ్ళలో సగం మంది ఏడింటికల్లా గవర్నర్‌పేటలో ఉంటారు.

పబ్బులున్నాయా అని అడుగుతారు. వీకెండ్‌లో డీజే పెట్టి రంగు లైట్లు వేసే చోట్లు బెంజి సర్కిల్ చుట్టూ, హైవే వైపు అప్పుడప్పుడూ తెరుస్తారు, కొన్నాళ్ళు నడుస్తాయి. గురునానక్ కాలనీ, మొగల్రాజపురం వైపు కుర్రాళ్ళ సందడి బాగా ఉంటుంది గానీ అదంతా కేఫులు, మండీ బిర్యానీ, మిల్క్ షేక్. కాలేజీలు ఎక్కువ, మందు కొనే వయసు 21, కాబట్టి సగం గుంపు చట్టం ప్రకారం బయటే ఆగిపోవాలి. మిగతా సగం ఎందుకు డాన్సు చెయ్యదంటే, నాకు తోచిన కారణం ఒకటే, ఈ ఊళ్ళో అందరికీ అందరూ తెలుసు. ఒక డీజే నైట్‌కి మావాళ్ళని దింపడానికి వెళ్ళి నేనూ లోపల కూర్చున్నాను. ఒక్క టేబుల్ వాళ్ళు లేచి గంతులేస్తున్నారు, మిగతా టేబుళ్ళన్నీ ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నాయి. ఆ ఎగిరేవాళ్ళలో ఒకడు ఉన్నట్టుండి ఆగిపోయి బాత్రూము వైపు పరిగెత్తాడు. వాంతేమో అనుకున్నాం. కాదు, వాళ్ళ నాన్న స్నేహితుడు లోపలికొచ్చాడట. ఆయన ముఖం తిప్పుకుని ఇంకో మూలకి పోయాడు, ఆయనకీ ఇంట్లో చెప్పని సంగతి ఇది. అందుకే పబ్ మీద మోజున్నవాళ్ళు సుమారు 275 కిలోమీటర్లు పోయి హైదరాబాద్‌లో ఎగిరి వస్తారు.

ఇక ఆటోనగర్. ఇక్కడ కాసేపు ఆగాలి. 1966లో మొదలైన ఈ ఆటోనగర్‌లో లారీకి సంబంధించి దొరకని పని లేదు, ఛాసిస్ తెచ్చి వదిలితే బాడీ కట్టి, రంగులేసి, వెనక పద్యం కూడా రాసి ఇస్తారు. పని పొద్దున్నే మొదలవుతుంది కాబట్టి బార్ కూడా పెందలాడే నిండుతుంది. సాయంత్రం ఆరున్నరకి కుర్చీ దొరకదు, తొమ్మిదింటికి సగం ఖాళీ. చేతులు కడుక్కునే బేసిన్ దగ్గర సబ్బు ఉండదు, సర్ఫ్ పొడి డబ్బా ఉంటుంది, ఎందుకంటే గ్రీజు సబ్బుకి పోదు. మొదటిసారి చూసినప్పుడు అదేంటో అర్థం కాలేదు, మా శీనుగాడు చెప్పాడు. గోళ్ళ సందుల్లో నీలం రంగు, ఆకుపచ్చ రంగు అలాగే ఉండిపోయిన పెయింటర్లు, చెవి మీద పెన్సిల్ తియ్యడం మర్చిపోయిన కార్పెంటర్లు.

కొత్త లారీ డెలివరీ అయిన రోజైతే ఇక్కడ హడావిడి వేరే. టైరు కింద నిమ్మకాయ తొక్కించి, కొబ్బరికాయ కొట్టాక ఓనర్ షెడ్డువాళ్ళందరినీ తీసుకొస్తాడు. ఓనర్ ఒక కొసన, మేస్త్రి ఇంకో కొసన, మధ్యలో కుర్రాళ్ళు. బాడీలో ఏదైనా వంకర ఉంటే అప్పుడు బయటికొస్తుంది, రెండో పెగ్గు మీద. నేను విన్న ఒక పంచాయితీ అచ్చంగా ఇలాగే జరిగింది.

"మేస్త్రీ, ఎడం పక్క తలుపు ఒక అరంగుళం కిందకుందయ్యా."

"తలుపు కాదండీ, మీరు ఒరిగి చూస్తున్నారు."

పెన్సిల్ కార్పెంటర్ ఒకాయన నిజంగానే లేచి, టేపు తీసుకుని, చీకట్లో లారీ దగ్గరకెళ్ళి కొలిచొచ్చాడు. ఏం తేలిందో మాకు తెలియలేదు, మావాళ్ళు లేచిపోయారు. వంట మాత్రం ఊరంతటిలో ఇక్కడే బాగుంటుందని నా తీర్పు. బోటి వేపుడు, లివర్ ఫ్రై, తలకాయ కూర, కారం కళ్ళలోంచి నీళ్ళు తెప్పించాలి, లేకపోతే ప్లేటు వెనక్కి పంపిస్తారు. బంజారాహిల్స్ నుంచి వచ్చిన మా ఫ్రెండ్ ఒకడు ఇక్కడ లివర్ ఫ్రై తిని, దీనికి హైదరాబాద్‌లో ఆరొందలు తీసుకుంటారురా అన్నాడు. గట్టిగా అనకు, వింటారు అన్నాను.

రామవరప్పాడు రింగు దాటి నిడమానూరు, గన్నవరం వైపు హైవే మీద ఉన్నవి కార్లలో వచ్చేవాళ్ళ కోసం. పార్కింగ్ బాగుంటుంది, లైట్లు బాగుంటాయి, పక్క టేబుల్ మాటలు వినపడవు, కాబట్టి నాకు అక్కడ పని లేదు. రియల్ ఎస్టేట్ వాళ్ళకి మాత్రం అదే సౌకర్యం.

ఇంకో సంగతి బయటి ఊరివాళ్ళకి తెలియదు. ఎక్కడైనా శుక్రవారం రాత్రి బార్లు కిటకిటలాడతాయి కదా, మనకి శుక్రవారం అంత ఊపుండదు. రాజధాని వచ్చాక 2016లో హైదరాబాద్ నుంచి సచివాలయం ఉద్యోగులని ఇటు తెచ్చారు, వారానికి ఐదు రోజుల పని ఇచ్చారు. కుటుంబాలు చాలామందివి అక్కడే ఉండిపోయాయి. దాంతో శుక్రవారం సాయంత్రం వాళ్ళంతా బ్యాగులు సర్దుకుని రైళ్ళూ బస్సులూ ఎక్కేస్తారు. వాళ్ళ సిట్టింగులు బుధవారం, గురువారం. తాడేపల్లి వైపు రూముల్లో ఉండేవాళ్ళు బ్యారేజీ దాటి ఇటొస్తారు. గురువారం మీకు టేబుల్ దొరక్కపోతే కారణం అది.

2019 నుంచి 2024 దాకా నడిచిన కాలం గురించి ఎవరినడిగినా ఒక గంట చెప్తారు, నేను క్లుప్తంగా చెప్తాను. 2019 అక్టోబర్‌లో షాపులన్నీ ప్రభుత్వం తీసుకుంది. 2020 మేలో లాక్‌డౌన్ తర్వాత షాపులు తెరిచినప్పుడు రెండు రోజుల్లో మొత్తం 75 శాతం రేట్లు పెంచారు. తెలిసిన బ్రాండ్లు కనపడకుండా పోయి బూమ్ బూమ్ లాంటి కొత్త పేర్లు బోర్డు ఎక్కాయి, బార్లకీ డిపో నుంచి అవే. అప్పుడు గవర్నర్‌పేటలో బేరర్‌ని ఏముంది అని అడిగితే, ఏదైనా ఒకటే అన్నా, కళ్ళు మూసుకుని చెప్పండి అనేవాడు. జగ్గయ్యపేట దాటి గరికపాడు చెక్‌పోస్టు దగ్గర కార్ల డిక్కీలు తెరిపించడం, అవతల కోదాడ షాపుల్లో అన్నీ మన నంబర్ ప్లేట్లే కనపడటం ఆ రోజుల్లోదే. 2024 అక్టోబర్ 16న లాటరీలో దక్కించుకున్న 3,396 ప్రైవేటు షాపులు తెరిచారు, 99 రూపాయల క్వార్టర్ వచ్చింది, పాత బ్రాండ్లు వచ్చాయి. 2025 సెప్టెంబర్ నుంచి కొత్త బార్ పాలసీలో అర్ధరాత్రి 12 దాకా సమయం ఇచ్చారు. కారు తోలేవాడిగా ఈ చివరి మార్పు నాకు మాత్రం ఉపకారం కాదు, ఇదివరకు పదకొండున్నరకి ఇంట్లో ఉండేవాణ్ణి.

బార్ కట్టేశాక ఆకలి మళ్ళీ వేస్తుంది, ఇది తాగినవాడికీ తాగనివాడికీ ఒకటే. రైల్వే స్టేషన్, నెహ్రూ బస్‌స్టాండ్ చుట్టూ ఏ వేళకైనా ఏదో ఒక బండి మీద ఇడ్లీ ఉంటుంది. ఇందిరా గాంధీ స్టేడియం దగ్గర తిండి బళ్ళు కూడా పొద్దుపోయేదాకా ఉంటాయి, అక్కడ కుటుంబాలతో వచ్చినవాళ్ళూ ఉంటారు, కాబట్టి మీ బ్యాచ్‌లో గొంతు పెంచేవాణ్ణి కారులోనే కూర్చోబెట్టి ప్లేటు అక్కడికే పట్టుకెళ్ళండి. కృష్ణ ఒడ్డున ఘాట్ల మీద సీసా తెరుద్దాం అనే ఐడియా ఎవడికైనా వస్తే మొదట్లోనే తుంచండి, పోలీసులు ఇప్పుడు డ్రోన్లు ఎగరేస్తున్నారు. దారిలో చెకింగ్ ఉంటే పైపులో ఊదాలి. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, మొదటిసారికే పదివేల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ రాసుంది చట్టంలో. వెనక సీట్లో ముగ్గురు గాఢనిద్రలో ఉండి, కారంతా వాసన వస్తుంటే, సున్నా చూపించిన మిషన్‌ని నమ్మలేక నా చేత మళ్ళీ ఊదించిన కానిస్టేబుల్ ఒకాయన ఉన్నాడు. రెండోసారీ సున్నానే. మీరు పుణ్యాత్ములండీ అని వదిలేశాడు.

ఎండాకాలం బెజవాడ ఎలా ఉంటుందో తెలిసిందే, బ్లేజ్‌వాడ అన్నది ఊరికే కాదు. మే నెలలో బీరు దొరుకుతుంది గానీ కూలింగ్ దొరకదు, ఫ్రిజ్‌లోంచి తీసినవి తీసినట్టే అయిపోతుంటే పెట్టినవి చల్లబడే సమయం ఉండదు. మధ్యాహ్నం మూడింటికి వెళ్ళేవాళ్ళకే చల్లటిది.

ప్రశాంతంగా కూర్చోవాలంటే కార్తీకంలో వెళ్ళండి. నాన్‌వెజ్ మానేసినవాళ్ళు కొందరు, అయ్యప్ప మాల వేసినవాళ్ళు కొందరు, భవానీ మాల వేసినవాళ్ళు కొందరు, గవర్నర్‌పేటలో కూడా కోరిన టేబుల్ దొరుకుతుంది, బేరర్లకి మాట్లాడే తీరిక ఉంటుంది, శనగల ప్లేటు అడక్కుండానే రెండోది వస్తుంది. పోలి స్వర్గం అయ్యాక వచ్చే మొదటి ఆదివారం మాత్రం ఆటోనగర్ వైపు చూడొద్దు. నెలరోజులు ఆగినవాళ్ళందరూ ఒక్కసారే వస్తారు, బోటి ఏడింటికే అయిపోతుంది.